ఎడమ చేతివాటం పాట: ఎలిజబెత్ కాటన్

బడిలో చేరిన రోజు వరకూ ఆ పిల్లకు సరైన పేరంటూ లేదు. ఇంట్లో అందరికీ చిట్టి చెల్లెలే. టీచరు పేరడిగితే ఎలిజబెత్ అని తనే చెప్పుకుంది. అమెరికాలోని నార్త్ కరొలైనాలో, కార్‌బరో రైలు పట్టాల దగ్గర 1893లో పుట్టిన నల్లజాతి పిల్ల ఆమె. బానిసత్వం రద్దయి అప్పటికి 28 ఏళ్లు. అయినా ఆమెలాంటి పిల్లలకు తెరిచి ఉన్నవి తెల్లవాళ్ల వంటగది తలుపులే.

అన్న పనికి వెళ్లగానే అతని బాంజో తీసి వాయించేది. బాంజో వంశం ఆఫ్రికాది. బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లు సొరబుర్రకు తోలు బిగించి చేసుకున్న వాద్యాల నుంచి వచ్చింది. ఎలిజబెత్‌ది ఎడమ చేతివాటం. అన్న వాద్యానికి తీగలు మార్చే వీల్లేదు కాబట్టి దాన్నే తిరగేసి పట్టుకుంది. నేర్పేవాళ్లు లేరు, తప్పని చెప్పేవాళ్లూ లేరు.

చిన్న వయసులోనే బడి మానేసి ఇంటిపనికి కుదిరింది. జీతం నెలకు డాలరు దాటదు. ఆ డబ్బు కూడబెడితే 3 డాలర్ల 75 సెంట్లకు స్టెల్లా గిటారు వచ్చింది. దాన్నీ తిరగేసే పట్టుకుంది. మామూలుగా బొటనవేలు లావు తీగల మీద మంద్రం పలికిస్తే, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట నడిపిస్తాయి. ఆమె చేతిలో అది తారుమారైంది. వేళ్లది మంద్రం, బొటనవేలిది పాట. ఇప్పుడు దీన్ని కాటన్ పికింగ్ అంటూ నేర్చుకుంటున్నారు. ఇంటి దగ్గర వినిపించే గూడ్సు బండి మీద 'ఫ్రైట్ ట్రైన్' పాట కట్టేనాటికి ఆమెకు 11, 12 ఏళ్లు.

తర్వాత పెళ్లి, కూతురు, చర్చి. లోకపు పాటలు వద్దన్నారు చర్చివాళ్లు. గిటారు మూలపడింది. దశాబ్దాలు ఇంటిపనిలోనే గడిచిపోయాయి.

వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తున్నప్పుడు తప్పిపోయిన ఓ చిన్నపిల్లను తల్లికి అప్పగించింది. ఆ తల్లి సంగీతకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. అలా సీగర్ల ఇంట్లో పనికి కుదిరింది. గోడకు వేలాడే గిటారును మళ్లీ చేతిలోకి తీసుకుంది. దీన్ని అదృష్టం కథగా చెప్పడం అలవాటైపోయింది. నాకది నచ్చదు. సీగర్లు వినడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆ పాట ఉంది.

పెగ్గీ సీగర్ పాడగా ఆ పాట ఇంగ్లండు చేరింది. అక్కడ ఇద్దరు దాన్ని తమ పేర్ల మీద రాయించుకున్నారు. 1957లో అది పెద్ద హిట్టయింది. అప్పటికి పాట కట్టిన మనిషి ఇంకా పనిమనిషే. జానపదం అనేస్తే చాలు, కట్టినవాళ్ల పేరు చెరిపేయొచ్చు. ఈ ఎత్తు మన పాటగాళ్లకూ తెలిసిందే. సీగర్ కుటుంబం పోరాడాక గానీ ఆమె హక్కు ఆమెకు రాలేదు.

మైక్ సీగర్ రికార్డు చేసిన తొలి ఆల్బమ్ 1958లో ఫోక్‌వేస్ నుంచి వచ్చింది. అప్పటికామెకు 65. తర్వాత కొత్త పాటలూ కట్టింది. 'షేక్ షుగరీ' కట్టేటప్పుడు మునిమనవలూ పదాలు అందించారు. రికార్డులో పాడింది 12 ఏళ్ల మునిమనవరాలే. పాటల సంపాదనతో సిరక్యూస్‌లో సొంత ఇల్లు కొనుక్కుంది. 1985లో, 92 ఏళ్ల వయసులో గ్రామీ అందుకుంది. 1987 జూన్ 29న ఆ సిరక్యూస్‌లోనే కన్నుమూసింది.