బ్రూస్ మెక్‌లారెన్

బ్రూస్ లెస్లీ మెక్‌లారెన్ (ఆగష్టు 30, 1937 - జూన్ 2, 1970) న్యూజీలాండ్‌కు చెందిన సుప్రసిద్ధ కారు పందేల చోదకుడు, కార్ల రూపకర్త. ఇతడు 1963లో తన పేరిట మెక్‌లారెన్ జట్టును స్థాపించాడు.

జీవిత విశేషాలు

ఇతడు ఆక్లాండ్ నగరంలో జన్మించాడు. బాల్యంలో పెర్థీస్ అనే తుంటి వ్యాధి వలన ఎడమకాలు పొట్టిదైంది. అయినను 1959లో, 22 ఏళ్ళ వయసులో, అమెరికా గ్రాండ్ ప్రీ గెలిచాడు. 1966లో క్రిస్ ఏమన్‌తో కలిసి ఫోర్డు కారులో లెమాన్స్ 24 గంటల పందెం నెగ్గాడు. 1968లో తన సంస్థ నిర్మించిన కారులోనే బెల్జియం గ్రాండ్ ప్రీ గెలిచాడు.

ఎం6జీటీ కారు

ఉత్తర అమెరికాలో అప్పట్లో జరిగిన కాన్-యామ్ పోటీల కొరకు 1967లో తయారైన ఎం6 కారుకు పైకప్పు లేదు. దానికి పైకప్పు, తలుపులు అమర్చి ఎం6జీటీని రూపొందించారు. పోటీలలో ప్రవేశానికి నిర్ణీత సంఖ్యలో కార్లు నిర్మించి ఉండాలన్న నిబంధన వలన ఆ ప్రయత్నం ఫలించలేదు. అప్పుడు మెక్‌లారెన్ దానిని సాధారణ రహదారులపై నడిచే కారుగా మలచదలచాడు. షెవ్రొలే వీ8 ఇంజనుగల ఎర్రని నమూనా కారును సొంత ప్రయాణాలకు వాడుతూ లోపాలను పరిశీలించేవాడు. ఏటా 250 కార్లు తయారుచేయాలన్నది ఇతని సంకల్పం.

మరణం

ఇంగ్లాండులోని గుడ్‌వుడ్ వద్ద ఎం8డీ పందెపు కారును పరీక్షిస్తుండగా దాని వెనుకభాగపు కప్పు ఊడి, కారు అదుపుతప్పడంతో ఇతడు 32వ యేట మరణించాడు. దానితో ఎం6జీటీ పథకం ఆగిపోయింది. కొద్ది కార్లు మాత్రమే తయారయ్యాయి. 1992లో వెలువడిన మెక్‌లారెన్ ఎఫ్1 కారుతో ఇతని ఆశయం నెరవేరింది.