హుయాన్‌త్సాంగ్ తిరుగు ప్రయాణము

ఉదయగిరికి పడమట వెలిగొండలు బారులు తీరి నిలిచియున్నవి. ఆ కొండల కావల కడప సీమ. ఈవల ఆత్మకూరు మీదుగా నెల్లూరి దిక్కునకు సాగిన మెట్టనేల. సోమశిల వద్ద కొండలను చీల్చుకొని పెన్న ఈ నేలలోనికి దిగుచున్నది. ఏడవ శతాబ్దమున, 640 ప్రాంతమున, కృష్ణాతీరపు ధాన్యకటకమునుండి కాంచీపురమునకు బయలుదేరిన యొక చీనా భిక్షువు ఈ దిక్కుగా దక్షిణమునకు సాగెను. నడుమనున్న దేశమునకు ఆయన చోళ్యమని పేరు పెట్టి, అడవులు, చిత్తడినేలలు మెండనియు, జనులు తక్కువయనియు, దొంగలు పట్టపగలే తిరుగుదురనియు వ్రాసికొనెను. అది రేనాటి చోడులేలిన కడప సీమయు దాని చుట్టుపట్ల నేలయునని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. ఏ త్రోవను పోయినను, ధాన్యకటకమునుండి కంచికి పోవువాడు పెన్నను దాటక తప్పదు.

ఆ భిక్షువే హుయాన్‌త్సాంగ్. బడి పుస్తకములలో హర్షచక్రవర్తి పాఠముతోపాటు ఆయన పేరు వచ్చును. పరీక్ష కాగానే మఱుగున పడును. ఆయన వచ్చిన సంగతి ఎల్లరు ఎఱుగుదురు. తిరిగిపోయిన సంగతి ఎఱిగినవారు తక్కువ. వచ్చునపుడు ఆయన చేతులు వట్టివి. తన ప్రాణమొక్కటే కాపాడుకొనవలసినది. పోవునపుడు వెంట పుస్తకములుండెను.

ఆయన 602 ప్రాంతమున, చీనాలోని లోయాంగ్ నగరమునకు చేరువ నొక పల్లెలో జన్మించెను. నలుగురన్నదమ్ములలో కడపటివాడు. అన్నలలో నొకడు లోయాంగ్ విహారమున భిక్షువై యుండగా, ఆయన వెంట చేరి పదుమూడవయేటనే దీక్ష గైకొనెను. చదివినకొలదియు సందేహములు పెరిగెను. భారతదేశమునుండి వచ్చిన బౌద్ధగ్రంథములను పలువురు పలువిధముల అనువదించియుండిరి. ఒకదానితో నొకటి పొసగదు. పెద్దల నడిగిన ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థము చెప్పిరి. మూలగ్రంథములు చూచినగాని, ముఖ్యముగా యోగాచారభూమిశాస్త్రము సమగ్రముగా చదివినగాని, తన సంశయములు తీరవని ఆయన నిశ్చయించెను.

అప్పుడు ప్రజలు దేశపుటెల్లలు దాటరాదని తాంగ్ చక్రవర్తి యాజ్ఞ. అనుమతి కోరిన దొరకలేదు. 629లో ఆయన దొంగచాటుగా బయలుదేరెను. ఎడారిలో నీళ్లతిత్తి చేజారి, నాలుగు రాత్రులు ఐదు పగళ్లు చుక్క నీరు లేక పడియుండెను. తుర్ఫాన్ ప్రాంతపు కావోచాంగ్ రాజు ఆయన పాండిత్యమునకు ముగ్ధుడై, ఇక కదలనీయనని పట్టుబట్టెను. భిక్షువు అన్నము మానెను. నాలుగవ నాటికి రాజు దిగివచ్చి, తిరిగివచ్చునపుడు మూడేండ్లు తన యొద్ద నుండునట్లు మాట తీసికొని, దారిఖర్చులకు వలసినదెల్ల నిచ్చి సాగనంపెను. ఈ మాటను మఱువరాదు. దీని పని ముందున్నది.

నలందలో వయోవృద్ధుడైన శీలభద్రాచార్యుని పాదముల చెంత ఆయన యోగాచారశాస్త్రము చదివెను. ఆ పిమ్మట తూర్పుతీరము వెంబడి కళింగము దాటి ఆంధ్రదేశము ప్రవేశించెను. వేంగిని చూచెను. ఇచ్చటి భాష మధ్యదేశపు భాషకన్న వేఱనియు, లిపి మాత్రము చాలవఱకు దానికి దగ్గఱయనియు గుర్తించెను. ధాన్యకటకమున విహారములు పెక్కు పాడుపడి, ఇరువది మాత్రము నిలిచియుండెను. అచ్చట సుభూతి, సూర్యుడు అను నిరువురు భిక్షువులయొద్ద కొన్ని నెలలు నిలిచి మహాసాంఘికుల అభిధర్మము చదివెను. ఆ యిరువురును ఆయనయొద్ద మహాయానశాస్త్రములు చదివిరి. పిమ్మట ముగ్గురును కలసి యాత్రకు బయలుదేరిరి. ఇట్లు గురువు శిష్యుడై, శిష్యుడు గురువై చదివిన చదువు ఆయన యాత్ర మొత్తములో కృష్ణయొడ్డున జరిగినంత సొంపుగా మఱియెచ్చటను జరుగలేదనిపించును. కంచి చేరి సింహళమునకు ఓడ యెక్కదలచెను గాని, అచ్చట రాజు మరణించెననియు కఱవు పుట్టెననియు ఆ ద్వీపమునుండి వచ్చిన భిక్షువులు చెప్పగా మానుకొని, పడమటి తీరము చుట్టి మఱల నలంద చేరెను.

ఇక ఇంటికి పోవలయునను తలంపు అచ్చటనే కలిగెను. తోడి భిక్షువులు ఒప్పుకొనలేదు. బుద్ధుడు పుట్టిన నేలను విడిచి, మ్లేచ్ఛదేశమునకు మరలుట యేల యని వాదించిరి. బుద్ధుడు తన ధర్మమును ఒక దేశమునకే కట్టిపెట్టలేదనియు, తాను చదివినది తనతో ఆగిపోరాదనియు ఆయన ప్రత్యుత్తరమిచ్చెను. వ్యవహారము శీలభద్రుని యొద్దకు పోయెను. వృద్ధాచార్యుడు శిష్యుని పక్షమే వహించెను. ఇంతటి శిష్యుని వదలుకొనుట ఆయనకు తేలిక కాదు, అయినను పొమ్మనెను.

పుస్తకములు కట్టలు కట్టుచుండగనే రాజుల పిలుపులు వచ్చెను. కామరూపపు భాస్కరవర్మ రెండుమారులు వర్తమానము పంపి, మూడవమారు భిక్షువును పంపకున్న ఏనుగులతో వచ్చి నలందను దుమ్ము చేయుదునని బెదరించెను. ఆయన పోక తప్పలేదు. అంతలో హర్షుడు తనయొద్దకు పంపుమనెను. భాస్కరవర్మ తన తలనైన నిచ్చునుగాని భిక్షువును పంపడనెను. అయిన ఆ తలనే పంపుమని హర్షుడు మఱల కబురంపగా, భయపడి తానే వెంటబెట్టుకొని గంగ మీదుగా వచ్చెను. ఈ కథను వ్రాసినవాడు హుయీలి యను శిష్యుడు. గురుభక్తి చేత ఏనుగుల లెక్కలు, పడవల లెక్కలు కొంత పెంచియుండవచ్చును. పండితుని కొఱకు రాజులు పోటీపడిన మాట మాత్రము నమ్మదగినదే.

643లో హర్షుడు కనౌజిలో మహాసభ చేసెను. 18 మంది రాజులు, వేలకొలది భిక్షువులు, బ్రాహ్మణులు, జైనులు కూడిరి. హుయాన్‌త్సాంగ్ తన సిద్ధాంతమును వ్రాసి వాకిట వ్రేలాడదీయించెను. 18 దినములలో ఎవ్వరును దానిని ఖండింపలేదు. ఆయనను దూషించినవారి నాలుక కోయింతునని చక్రవర్తి చాటించిన పిమ్మట ఖండించువారు లేకపోవుట గొప్ప విజయమని చెప్పుట కష్టము. ఆ పైన ప్రయాగలో, గంగా యమునల సంగమమున, ఐదేండ్లకొకమారు జరుగు దానసభ 75 దినములు సాగెను. హర్షుడు కోశమంతయు పంచి, కడపట ఒంటిమీది నగలు, వస్త్రములు కూడ ఇచ్చివేసి, చెల్లెలు రాజ్యశ్రీ యొద్ద పాతవస్త్రము అడిగి కట్టుకొనెను.

ఆ ఉత్సవము ముగిసినది. భిక్షువు సెలవడిగెను. హర్షుడు మఱి పది దినములు నిలిపెను. భాస్కరవర్మ తన రాజ్యమునకు వచ్చి యుండినచో నూఱు విహారములు కట్టింతుననెను. ఆయన ఆలకింపలేదు. ఏ దారిని పోవుదువని హర్షుడడిగి, సముద్రమార్గమున పోదలచినచో తన రాయబారులను తోడిచ్చి పంపుదుననెను. పుస్తకములతో పోవువానికి కొండలకన్న ఓడయే మేలనిపించును. కాని కావోచాంగ్ రాజునకిచ్చిన మాట యుండెను. పదునాలుగేండ్లనాడు దాటిన ఆ కొండలనే, ఆ మంచునే మఱల దాటుటకు ఆయన సిద్ధపడెను.

రాజులు బంగారము ముందు పెట్టిరి. ఆయన ముట్టలేదు. భాస్కరవర్మ ఇచ్చిన ఉన్ని కప్పడమొక్కటి మాత్రము, వానకు పనికివచ్చునని తీసికొనెను. పుస్తకములు, బుద్ధప్రతిమలు ఉత్తరదేశపు రాజైన ఉదితుని సేన వెంట గుఱ్ఱములమీద మెల్లగా సాగెను. తరువాత హర్షుడు పెద్ద ఏనుగు నొకదానిని, 3,000 బంగారు నాణెములను, 10,000 వెండి నాణెములను దారివ్యయమునకై ఉదితుని చేతికిచ్చెను. సాగనంపినవారు కంటనీరుతో మరలిరి. మూడు దినములు గడచెను. వెనుక దుమ్ము లేచెను. చూడగా హర్షుడును భాస్కరవర్మయు కొన్ని వందల గుఱ్ఱపు రౌతులతో, మఱియొకమారు సెలవు తీసికొనుటకే పరుగున వచ్చియుండిరి. దారిలోని రాజులు గుఱ్ఱములిచ్చి ఎల్లలు దాటింపవలయునని తెల్లని వస్త్రముపై లేఖలు వ్రాయించి, ఎఱ్ఱని లక్కముద్ర వేసి, వానిని చేర్చుటకు ఉద్యోగులను తోడిచ్చిరి.

జలంధరము దాటిన పిమ్మట కొండదారి. అచ్చట దొంగల భయము. ఆయన ఒక భిక్షువును ముందు నడపి, దొంగలెదురైనచో తాము ధర్మము కొఱకు దూరదేశమునుండి వచ్చినవారమనియు, మూటలలో పుస్తకములు, ప్రతిమలు తప్ప మఱేమియు లేవనియు చెప్పించెను. దొంగలు చాలమారులు ఎదురైరి గాని హాని చేయలేదు. పుస్తకమునకు దొంగభయము లేదన్నమాట ఆనాడును నిజమే కాబోలు.

కాని నీటిభయముండెను. 644లో సింధునది చేరిరి. నది అచ్చట ఐదాఱు లీల వెడల్పు, అనగా రెండు కిలోమీటర్లకు మించినది. పుస్తకములను, ప్రతిమలను, తోడివారిని పడవ యెక్కించి, ఒక మనిషిని పుస్తకములకు కాపుంచి, తాను ఏనుగునెక్కి నీటిలోనికి దిగెను. నడియేట గాలి లేచెను; అలలు పడవను త్రిప్పివేసెను. కావలివాడు భయముతో నీటబడెను. తోటివారు వానిని పైకి లాగిరి. వాడు దక్కెను, 50 కట్టల పుస్తకములును, చీనాకు తీసికొనిపోవుటకు కూర్చిన పలుజాతుల పూలవిత్తనములును నీటిపాలయ్యెను. అచ్చు లేని కాలమది. ఒక్కొక్క కట్ట ఎవడో లేఖకుడు నెలల తరబడి కూర్చుండి వ్రాసినది. ఇరువదియైదేండ్లుగా ఒక్కొక్క పుస్తకమే చేర్చి అరలు నింపిన వారికి ఈ నష్టము వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఒడ్డున కపిశరాజు ఎదురువచ్చియుండెను. పూలవిత్తనములేవైన తెచ్చితిరా యని ఆయన అడిగెను. ఔనని భిక్షువు చెప్పగా, ప్రాచీనకాలమునుండియు వానిని తీసికొని ఈ నదిని దాటువారికి ఇట్లే జరుగుచున్నదని రాజు చెప్పెను. హుయాన్‌త్సాంగ్ విచారించుచు కూర్చుండలేదు. నదీతీరమున ఒక విహారమున ఏబది దినములకుపైగా నిలిచి, పోయిన గ్రంథములకు ప్రతులు వ్రాయించి తెచ్చుటకు మనుష్యులను ఉద్యానదేశమునకు పంపెను. కాశ్యపీయుల త్రిపిటకము ఆ విధముగా మఱల చేతికి వచ్చెను. తక్కినవి రాలేదు.

హిందూకుష్ పర్వతములు దాటునప్పటికి వెంట నిలిచినవారు ఏడుగురు భిక్షువులు, ఇరువదిమంది కూలీలు, ఒక ఏనుగు, పది గాడిదలు, నాలుగు గుఱ్ఱములు. ఆ పైన పామీరు పీఠభూమి దాటినపిదప దొంగలు పైబడగా ఏనుగు బెదరి పరుగెత్తి నీటిలో మునిగి చచ్చెను. ప్రయాగనుండి హర్షుని స్నేహమును మోసికొని వచ్చిన ఏనుగది.

కావోచాంగ్ రాజునకిచ్చిన మాట మాత్రము చెల్లింపబడలేదు. ఆ రాజు 640లోనే మరణించెను; తాంగ్ సేనలు ఆ రాజ్యమును లోబఱచుకొనెను. ఏ మాట కొఱకు ఓడను కాదని కొండల దారి పట్టెనో, ఆ మాట నడిగి పుచ్చుకొనువాడు లేడు. ఆయన దక్షిణపు దారిన ఖోటాన్ చేరెను.

అచ్చట అన్నిటికన్న పెద్ద సంశయము కాచుకొనియుండెను. ఆయన రాజాజ్ఞ మీరి దేశము విడిచినవాడు. ఎల్ల దాటినచో సన్మానమో సంకెలయో తెలియదు. దాచిపెట్టక, తన తప్పు ఒప్పుకొనుచు, ఏ ప్రయోజనమునకు పోయెనో, ఏమి తెచ్చుచుండెనో విన్నవించి, ఏనుగు చచ్చుటచే పుస్తకములు కదల్చుటకు బండ్లు లేవని తెలుపుచు చక్రవర్తికి లేఖ పంపెను. ప్రత్యుత్తరమునకు ఏడెనిమిది నెలలు పట్టెను. అన్నాళ్లును ఖోటాన్ రాజునకు, ప్రజలకు శాస్త్రములు చెప్పుచు, నదిలో పోయిన గ్రంథముల కొఱకు కూచా, కాష్‌గర్ నగరములకు మనుష్యులను పంపి వెదకించెను. తుదకు ఉత్తరువు వచ్చెను. చక్రవర్తి తప్పు మాటయెత్తక, త్వరగా రమ్మనియు, ఎడారిదారిలో ఎదుర్కొనుడని అధికారుల కాజ్ఞ యిచ్చితిమనియు వ్రాయించెను.

645 ఆరంభమున ఆయన రాజధానియైన చాంగాన్ చేరెను. జనము క్రిక్కిఱిసి వీథులు నిండెను. ఇరువది గుఱ్ఱములమీద 520 పెట్టెలలో 657 గ్రంథములు దిగెను. చక్రవర్తి మంత్రిపదవి నిత్తుననగా ఆయన వలదని, అనువాదమునకు చోటు మాత్రమడిగెను. తాను చూచిన దేశముల వృత్తాంతమును 646లో ముగించి, తక్కిన జీవితమంతయు సంస్కృతమునుండి చీనాభాషకు గ్రంథములు మార్చుటయందే గడపెను. పుస్తకములను అగ్నిభయమునుండి కాపాడుటకు 652లో గోపుర మొకటి కట్టించి, ఇటుకలు తానును మోసెనందురు. పిమ్మట మఱల కట్టబడిన ఆ గోపురము నేటికిని సియాన్ నగరమున నిలిచియున్నది. 664లో మరణించునాటికి 75 గ్రంథములు, 1,335 భాగములు అనువదించెను. తెచ్చినదానిలో అది కొంత భాగమే.

ఆ పనిలో మునిగియుండగా, 652లో బోధగయలోని మహాబోధి విహారమునుండి ధర్మవర్ధనుడను భిక్షువు వచ్చెను. జ్ఞానప్రభుడు, ప్రజ్ఞాదేవుడు అను పాతమిత్రులు లేఖయు, రెండు తెల్లని వస్త్రములును పంపియుండిరి. 654లో ఆ భిక్షువు తిరిగి పోవునపుడు హుయాన్‌త్సాంగ్ ప్రత్యుత్తరములు వ్రాసెను. శీలభద్రుడు గతించెనని అప్పటికి తెలిసియుండెను, దానికి దుఃఖించెను. అనువదించిన శాస్త్రముల పేర్లు తెలిపెను. సింధునదిలో ఒక గుఱ్ఱపు మోతంత పుస్తకములు పోయినవని చెప్పి, పది యేండ్లు గడచినను ఒక్కటియు మఱువక వాని పేర్లన్నియు పట్టికగా వ్రాసి, వచ్చువారెవరైన దొరకినపుడు ప్రతులు పంపుడని కోరి, ఆ పట్టికను లేఖతోపాటు ధర్మవర్ధనుని చేతికిచ్చెను.