పఠాణి సామంత

మహామహోపాధ్యాయ సామంత చంద్రశేఖర సింహ హరిచందన మహాపాత్ర (డిసెంబరు 13, 1835 - జూన్ 11, 1904) ఒడిషాకు చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు, సంస్కృత గ్రంథకర్త. పఠాణి సామంత అన్న పేరుతో ప్రసిద్ధుడు. దూరదర్శిని సహాయం లేకుండా, వెదురుతోను కర్రతోను స్వయంగా తయారు చేసుకున్న పరికరాలతో గ్రహగతులను కొలిచి "సిద్ధాంత దర్పణం" అనే గ్రంథాన్ని రచించాడు.

బాల్యం

చంద్రశేఖరుడు ఖండపడా సంస్థానపు రాజవంశంలో జన్మించాడు. ఈ ప్రాంతం ప్రస్తుతం ఒడిషాలోని నయాగఢ్ జిల్లాలో ఉంది. తండ్రి శ్యామబంధు సింహ, తల్లి విష్ణుమాలి. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కకపోవడంతో, ఇతనిని ఒక ముస్లిం ఫకీరుకు ఇచ్చినట్లు నామమాత్రంగా తంతు జరిపి పఠాణి అని పిలిచారు. తెలుగునాట పుల్లయ్య, పెంటయ్య వంటి పేర్లు పెట్టడం వెనుక ఉన్న నమ్మకం కూడా ఇటువంటిదే. రాజవంశీయుడే అయినా జీవితమంతా ఆర్థిక ఇబ్బందులతోనే గడిపాడు.

బాల్యంలో పినతండ్రి ఆకాశంలోని నక్షత్రాలను చూపి జ్యోతిషం నేర్పాడు. ఆపైన సంస్కృత సిద్ధాంత గ్రంథాలను చాలావరకు స్వయంకృషితోనే అభ్యసించాడు. ఆంగ్లభాష రానందున పాశ్చాత్య ఖగోళ గ్రంథాలు అతనికి అందుబాటులో లేవు.

పరిశీలనలు

గ్రంథాలలోని సూత్రాల ప్రకారం గణించిన స్థానాలలో గ్రహాలు కనిపించడం లేదని పదిహేనేళ్ళ ప్రాయానికే గమనించాడు. పూర్వ సిద్ధాంతాలలోని అంకెలలో ఉన్న స్వల్ప దోషాలు శతాబ్దాలు గడిచేకొద్దీ పేరుకుపోవడమే దీనికి కారణం. ఇది కేవలం పండితుల చర్చకు సంబంధించిన విషయం కాదు. పూరీ జగన్నాథాలయంలోని ఉత్సవాలన్నీ తిథుల ప్రకారం జరగవలసినవి. పంచాంగం తప్పితే పూజాకాలమే తప్పుతుంది. అందువలన తానే ఆకాశాన్ని కొలిచి లెక్కలను సవరించడానికి పూనుకున్నాడు.

అతని పరికరాలలో ముఖ్యమైనది మానయంత్రం. ఇరవై నాలుగు అంగుళాల (వ్రేళ్ళ వెడల్పు ప్రమాణం) కర్ర చివర మరొక కర్రను లంబంగా బిగించి, దానిపై కోణాలకు అనుగుణమైన దూరాలలో గాట్లు, రంధ్రాలు చేశాడు. కర్ర రెండవ కొనను కంటివద్ద ఉంచుకొని చూస్తే, నక్షత్రం ఏ రంధ్రానికి ఎదురుగా వచ్చిందో దానినిబట్టి దాని ఎత్తు తెలుస్తుంది. కొండల ఎత్తులు కూడా ఈ పద్ధతిలోనే కట్టవచ్చు. ఇంత సాదా పరికరంతో బుధుని కక్ష్య వాలును 7 డిగ్రీల 2 నిమిషాలుగా నిర్ణయించాడు. ఆధునిక విలువ 7 డిగ్రీలు.

చంద్రగతిలోని మూడు అసమానతలను స్వయంగా గుర్తించి వాటికి తుంగాంతరం, పాక్షికం, దిగంశం అని పేర్లు పెట్టాడు. 1874 డిసెంబరు 9న జరిగిన శుక్ర సంక్రమణాన్ని తన గ్రంథంలో పేర్కొంటూ, శుక్రబింబం సూర్యబింబంలో 32వ వంతు ఉన్నదని వ్రాశాడు. వాస్తవంగా అది సుమారు 31వ వంతు. కంటికి లీలగా మాత్రమే కనిపించే ఆ చుక్క విషయంలో ఈ లెక్క విశేషమైనదే. అదే సంక్రమణాన్ని విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన సొంత వేధశాలలోని దూరదర్శినితో పరిశీలించాడు.

సిద్ధాంత దర్పణం

2,500 శ్లోకాల ఈ సంస్కృత గ్రంథాన్ని తాళపత్రాలపై ఒడియా లిపిలో వ్రాశాడు. ఇందులో 2,284 శ్లోకాలు స్వంతం. మిగిలినవి పూర్వ గ్రంథాలనుండి స్వీకరించినవి. ఐదు గ్రహాలు సూర్యుని చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారని ఇందులో ప్రతిపాదించాడు. ఇది డెన్మార్కు శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీ నమూనాను పోలి ఉంటుంది. భూభ్రమణాన్ని మాత్రం అంగీకరించలేదు. కొలతలలో పూర్వులను నిస్సంకోచంగా సవరించినవాడు ఈ విషయంలో సంప్రదాయాన్ని దాటలేకపోయాడు.

కటకంలో విజ్ఞానశాస్త్ర అధ్యాపకుడైన యోగేశ్ చంద్ర రాయ్ చొరవతో, ఆయన వ్రాసిన సుదీర్ఘ ఆంగ్ల పీఠికతో ఈ గ్రంథం 1899లో కలకత్తాలో ముద్రితమైంది. అదే సంవత్సరం లండనులోని "నేచర్" పత్రిక దీనిపై సమీక్ష ప్రచురించింది.

గౌరవాలు

పూరీ గజపతి రాజు 1870లో హరిచందన మహాపాత్ర బిరుదును, బ్రిటిషు ప్రభుత్వం 1893లో మహామహోపాధ్యాయ బిరుదును ఇచ్చి గౌరవించాయి. ఇతని గణన ప్రకారం సవరించిన పంచాంగాన్ని జగన్నాథాలయంలో అనుసరించారు. భువనేశ్వర్‌లోని నక్షత్రశాలకు పఠాణి సామంత పేరు పెట్టారు.