పండిత రమాబాయి – కంఠస్థ విద్య

పండిత రమాబాయి పేరు వినగానే మన క్రైస్తవ కుటుంబములలో అనేకులకు కేడ్‌గాంలోని ముక్తి మిషను జ్ఞాపకమునకు వచ్చును. ఆ సేవకురాలు బాల్యమున వేలకొలది శ్లోకములను కంఠస్థము చేసిన విదుషి అను సంగతి ఎరిగినవారు కొద్దిమందియే.

ఆమె 1858 ఏప్రిల్ 23వ తేదీన పశ్చిమ కనుమలలోని గంగామూల అరణ్యమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు ఆ భాష నేర్పరాదని పెద్దలు పట్టుబట్టిన కాలమున ఆయన తన భార్య లక్ష్మీబాయికి దానిని నేర్పెను. అందుకు వచ్చిన ఆక్షేపణలను సహించి, అడవిలో కాపురము పెట్టెను. రమాబాయికి చదువుకొను వయస్సు వచ్చునప్పటికి తండ్రి వృద్ధుడాయెను గనుక తల్లియే గురువాయెను. తెల్లవారక మునుపే, ఇంటి పనులు మీదపడక మునుపే, నేలపై నిద్రించుచున్న బిడ్డను ఆమె లేపి కూర్చుండబెట్టి పాఠము చెప్పెడిది. వినుట, మరల పలుకుట, ఇదియే ఆ విద్య. 18,000 శ్లోకముల గ్రంథమని ప్రసిద్ధి చెందిన భాగవతము ఈ విధముగా ఆ బాలికకు కంఠస్థమాయెను.

ఆ కుటుంబము పుణ్యక్షేత్రములు తిరుగుచు, ఆలయ ప్రాంగణములలో పురాణములు పఠించుచు జీవించెను. విన్నవారు బియ్యమో, పండ్లో, నాణెములో సమర్పించెడివారు. అయితే వినుటయే పుణ్యమని తలంచుటచేత, శ్లోకముల అర్థమును జనుల భాషలో చెప్పు వాడుక వారికి లేకుండెను. గుమిగూడిన స్త్రీలు ధ్వనిని మాత్రమే ఇంటికి తీసికొనిపోవుచుండిరి. రమాబాయి ఈ సంగతిని మరువలేదు.

1870వ దశకపు కరవు వారిని నేలకూల్చెను. వేరొక పని నేర్వని కుటుంబమది. కంఠము నిండ శ్లోకములున్నను కడుపునకు పిడికెడు మెతుకులు లేకపోయెను. మన పాఠకులకు సుపరిచితమైన తిరుపతి ప్రాంతపు అడవిలో వారు పదునొకండు దినములు నీళ్లతోను, ఆకులతోను, కొద్దిపాటి అడవి ఈతపండ్లతోను ప్రాణములు నిలుపుకొనిరి. తండ్రి మరణించెను. కొంతకాలమునకే తల్లియు అక్కయు గతించిరి. మిగిలిన అన్న శ్రీనివాసునితో ఆమె దేశమంతయు కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరెను. అచ్చటి విద్వాంసులు ఆమెను పరీక్షించి, ఆశ్చర్యపడి, పండిత అనియు సరస్వతి అనియు బిరుదములిచ్చిరి. అప్పటికామెకు ఇరువదేండ్లు.

అటుపిమ్మట దుఃఖములు వెంటవెంట వచ్చెను. 1880లో అన్న చనిపోయెను. అదే సంవత్సరము వివాహమాడిన భర్త 1882లో కలరాచేత మరణింపగా, ఒడిలో కుమార్తె మనోరమ మాత్రము మిగిలెను. 1883లో ఇంగ్లండునందు బాప్తిస్మము పొంది, పిమ్మట అమెరికాకు వెళ్లి, 1889లో బొంబాయిలో విధవలకొరకు శారదా సదనము స్థాపించెను. ఈ చరిత్ర పలుమారులు వ్రాయబడినదే.

తక్కువగా చెప్పబడినది ఆమె కడపటి శ్రమ. వాడుకలోనున్న మరాఠీ బైబిలు భాష చదువులేని పల్లె స్త్రీలకు కఠినమని ఆమె కనుగొనెను. సంస్కృతమును నోటిమీద నిలుపుకొనిన ఈమె నడివయస్సున హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, సామాన్యుల మరాఠీలోనికి సంపూర్ణ గ్రంథమును తర్జుమా చేయ పూనుకొనెను. ఆలయ ప్రాంగణమున అర్థము తెలియక విని లేచిపోయిన ఆ స్త్రీలకు ఆమె ఆలస్యముగా చెల్లించిన ఋణమిది యని నాకు తోచుచున్నది. ముక్తిలోని స్త్రీలే అక్షరములు కూర్చి, ముద్రాయంత్రము నడిపిరి. 1921లో మనోరమ మరణించినను తల్లి ఆ పని మానలేదు. అచ్చు ప్రతులను దిద్ది ముగించి, 1922 ఏప్రిల్ 5వ తేదీన రమాబాయి కన్నుమూసెను. సంపూర్ణ బైబిలు 1924లో వెలువడెను.