తెల్ల కణం పరుగు, భీమవరం మనిషి



మీ అబ్బాయి గ్రౌండ్‌లో పడి మోకాలు గీరుకుని ఇంటికొచ్చాడనుకోండి. మీరు దూది వెతికేలోపే రక్తంలోని తెల్ల కణాలు బయల్దేరిపోతాయి. రక్తనాళం గోడ సందుల్లోంచి సన్నగా సాగి బయటపడి, కిక్కిరిసిన కణజాలంలో దారి చేసుకుంటూ గాయం దగ్గరికి పాకుతాయి. కణం ముందువైపు యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరిగి పొరను ముందుకు తోస్తాయి. వెనకవైపు మయోసిన్ బిగించి మిగతా ఒంటిని లాక్కొస్తుంది. మన కండరాలను లాగేది కూడా ఈ జంటే. దీనికంతటికీ ఇంధనం ఏటీపీ అనే చిన్న అణువు.

ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వెలికితీసిన వ్యక్తి యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన పాలకొల్లు పక్కనున్న భీమవరంలో 1895 జనవరి 12న పుట్టారు. (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.)

ప్రోగ్రెస్ కార్డు చూసి కంగారుపడే రోజున ఈ సంగతి గుర్తుచేసుకోండి: ఆయన మెట్రిక్ గట్టెక్కింది మూడోసారికి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆయన ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసర్‌కు గిట్టలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ దక్కింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు అన్నదమ్ములను తీసుకుపోయింది. ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో తేరుకున్నారు.

1922లో బోస్టన్ చేరారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రి పోర్టర్‌గా పనిచేశారు. ఇంటి దగ్గర వదిలి వెళ్లిన భార్య శేషగిరి గారి కోసం మళ్లీ రాలేదు. ఆయన గొప్ప చెప్పేటప్పుడు ఈ ముక్క మనం దాటేస్తుంటాం, అది న్యాయం కాదు.

హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం స్ప్రూ రక్తహీనతకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తెల్ల కణాలు అదుపు తప్పే లుకేమియాలో పిల్లలకు కొంత ఊరటనిచ్చిన అమినోప్టెరిన్ కూడా వాళ్లదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ ఇచ్చే డీఈసీ మాత్ర గుర్తుందా? అదీ ఆయన ల్యాబ్ నుంచి వచ్చిందే. ఆ మందు ఒక్కటే పురుగు పిల్లలను చంపదు. వాటిని తెల్ల కణాలకు దొరికేలా చేస్తుంది, మిగతా పని ఆ కణాలు పాకి వచ్చి చూసుకుంటాయి.