సైక్లోన్‌కు పేరు పెట్టిన నావికుడు: హెన్రీ పిడింగ్టన్ జీవితం, ఒక రేవు పతనం

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిన ప్రతిసారీ వార్తల్లో వినిపించే సైక్లోన్ అనే ఆంగ్ల పదం కలకత్తాలో స్థిరపడిన ఒక నావికుడి సృష్టి. ఆయన పేరు హెన్రీ పిడింగ్టన్. 1797లో ఇంగ్లండ్‌లో జన్మించిన ఆయన వాణిజ్య నౌకలకు నాయకత్వం వహించి, అనంతరం బెంగాల్‌లో స్థిరపడి, 1858లో కలకత్తాలోనే కన్నుమూశారు. దేశంలో వాతావరణ శాఖ అన్నదే లేని కాలంలో తుపానుల గమనాన్ని నమోదు చేసిన ఆయన, తన చివరి సంవత్సరాల్లో ప్రభుత్వానికి ఒక గట్టి హెచ్చరిక చేశారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

సముద్రాన్ని విడిచిన తరువాత పిడింగ్టన్ దృష్టి మొదట నేల మీదికి, మొక్కల మీదికి మళ్లింది. భారతదేశపు మొక్కల పేర్లకు 1832లో ఒక సూచికను వెలువరించారు. పత్తి, పొగాకు, చెరకు, తేయాకు పంటలకు అనువైన నేలలను రసాయనికంగా పరీక్షించారు. ఆర్థిక భూగర్భ శాస్త్ర ప్రదర్శనశాల బాధ్యతలు నిర్వహించారు. ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే కలకత్తా నావికా న్యాయస్థానానికి అధ్యక్షుడిగానూ పనిచేశారు.

విలియం రీడ్ అనే సైనిక ఇంజినీరు 1838లో తుపానుల నియమాలపై ప్రచురించిన గ్రంథం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. మరుసటి ఏడాది నుంచే పిడింగ్టన్ బంగాళాఖాతపు తుపానులపై పరిశోధన ఆరంభించారు. ఆయన పద్ధతి సులభంగా కనిపించేదే గానీ ఎంతో ఓపిక కోరేది. ఒకే తుపానులో చిక్కుకున్న వేర్వేరు ఓడల దినచర్య పుస్తకాలను సేకరించేవారు. ఏ గంటకు ఏ ఓడ ఎక్కడ ఉన్నది, గాలి ఏ దిక్కు నుంచి వీచినది, భారమితి ఎంతకు పడిపోయినది పటంపై గుర్తించేవారు. ఆ గుర్తులను కలిపి చూస్తే తుపాను ఒక సుడిగా తిరుగుతూ ముందుకు కదులుతున్న తీరు స్పష్టమయ్యేది. ఈ ఫలితాలను బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వరుస వ్యాసాలుగా ప్రకటించారు.

ఆ పరిశోధనలో తెలుగు తీరానికి ప్రత్యేక స్థానం ఉంది. 1839 నవంబరులో కాకినాడ సమీపంలోని కోరంగి రేవును ధ్వంసం చేసిన తుపాను ఆయన తొలి అధ్యయనాల్లో ఒకటి. అదే రేవును 1789 డిసెంబరులో ముంచెత్తిన మూడు వరుస కెరటాల ఉదంతాన్నీ ఆయన తన గ్రంథంలో నమోదు చేశారు. తెలుగువారు గాలివానను తుపాను అని, ఊళ్లపైకి పొంగివచ్చే సముద్రాన్ని ఉప్పెన అని ఎప్పుడో వేరు చేసి పిలిచారు. గాలి కంటే నీరే అధికంగా ప్రాణాలు తీస్తుందన్న ఆ అనుభవాన్ని పిడింగ్టన్ లెక్కలతో నిరూపించే ప్రయత్నం చేశారు.

1845లో మారిషస్ సమీపంలో చార్లెస్ హెడిల్ అనే ఓడ తుపానులో చిక్కి, ఐదు రోజులపాటు గుండ్రంగా తిరుగుతూనే ఉండిపోయింది. గాలి వలయంగా తిరుగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేకపోయింది. 1848లో నావికుల కోసం వెలువరించిన కరదీపికలో పిడింగ్టన్ ఈ సుడిగాలులకు సైక్లోన్ అని పేరు పెట్టారు. పాము చుట్టను కూడా సూచించే గ్రీకు పదం దానికి ఆధారం. ఆ పుస్తకంతో పాటు కొమ్ముతో చేసిన పారదర్శక ఫలకాలను కూడా అందించారు. వాటిని పటంపై ఉంచి, గాలి దిక్కును బట్టి తుపాను కేంద్రం ఎటు ఉన్నదో కెప్టెన్లు అంచనా వేసుకోగలిగేవారు.

హుగ్లీ నది పూడిపోతుందన్న భయంతో సుందరవనాల అంచున, మాతలా నది ఒడ్డున ప్రత్యామ్నాయ రేవు నిర్మించాలన్న ఆలోచన ఆ రోజుల్లో బలపడింది. 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశారు. ఆ చోట ఏదో ఒకనాడు ఉప్పెన విరుచుకుపడి పట్టణాన్ని ఉప్పునీట ముంచుతుందని అందులో వివరించారు. అయినా నిర్మాణం ఆగలేదు. లార్డ్ కానింగ్ పేరిట రేవు వెలిసింది, రైలు మార్గమూ వచ్చింది.

ఆయన మరణించిన ఆరేళ్లకు, 1864 అక్టోబరు 5న, కలకత్తాను పెను తుపాను తాకింది. సుమారు 60 వేల మంది మరణించినట్లు అంచనా. హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్‌లోని బొటానికల్ గార్డెన్‌లో వెయ్యికి పైగా చెట్లు నేలకూలాయి. దశాబ్దాల పాటు దేశవిదేశాల నుంచి తెచ్చి పెంచిన వృక్ష సంపద ఒక్క పూటలో పోయింది. అక్కడి మహా మర్రి సైతం దెబ్బతిన్నది. 1867 నవంబరు 1న మరో తుపాను వచ్చింది. సుమారు ఆరడుగుల ఎత్తున లేచిన కెరటం కానింగ్ రేవును తుడిచిపెట్టింది. కొన్నేళ్లకే ప్రభుత్వం ఆ రేవును వదిలివేసింది.

1864 తుపాను, ఆ తరువాతి కరవులు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు దారితీశాయి. 1871లో బాధ్యతలు చేపట్టిన జార్జ్ కింగ్ శిబ్‌పూర్ తోటను తిరిగి తీర్చిదిద్దారు. తుపానుల గాయాలకు లోనైన మహా మర్రి మొదటి మాను తెగులు సోకడంతో 1925లో దాన్ని తొలగించారు. ఊడలే మానులై ఆ చెట్టు నేటికీ విస్తరిస్తూ ఉంది. కానింగ్ మాత్రం రేవు కాలేదు. సుందరవనాలకు వెళ్లేవారు రైలు దిగే పట్టణంగా మిగిలింది.

తీరంలో కొత్త కట్టడానికి అనుమతి కోరినప్పుడల్లా పరిశీలించవలసిన పాత లెక్కలను పిడింగ్టన్ అందరికంటే ముందే పోగుచేసి పెట్టారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కూడా ఆయన కోరంగి గురించి నమోదు చేసిన తీరులోనే వచ్చింది.