నోరులేని నొప్పి: సిసిలీ సాండర్స్ జీవితకథ

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. పంక్తిలో కూర్చున్నవాడు నోరు తెరచి అడుగవలె ననియు, అడిగినవానికే అందు ననియు దాని భావము. లోకవ్యవహారమున ఈ మాటకు తిరుగు లేదు. కాని అడుగుటకు నోరు పెగలనివాని గతి యేమి? ఉయ్యాలలోని పసిబిడ్డ అడుగనేరదు. అయినను ఏడుపు తీరును బట్టి అది ఆకలియో, కడుపునొప్పియో తల్లి తెలిసికొనుచునే యున్నది. మరణశయ్యపై మాట పడిపోయిన మనుష్యునకు అట్టి తల్లి యెవరు? ఈ ప్రశ్నకు దారి చూపుటలో ఒక స్త్రీ తన జీవితమున ఏబదేండ్లకు పైగా వెచ్చించెను. ఆమె పేరు సిసిలీ సాండర్స్.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. విశాఖపట్టణపు ఉక్కునగరమునకు చేరువనే, అగనంపూడిలో, టాటా మెమోరియల్ కేంద్రమువారి హోమీ భాభా కేన్సరు ఆస్పత్రి 2014లో నెలకొన్నది. ఉత్తరాంధ్ర తీరపు పల్లెలలో చుట్టను వెలిగించి, నిప్పుకొసను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు చిరకాలముగా నున్నది. దీనిని అడ్డపొగ యందురు. స్త్రీలలో ఈ అలవాటు మెండు. ఆ వేడికిని, పొగకును అంగిలి చెడి, కొందరిలో మన పెద్దలు రాచపుండని పేర్కొన్న కేన్సరుగా మారును. డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గును, ఆయన సహచరులును ఆంధ్రదేశపు పల్లెలలో 10,169 మందిని పరీక్షించి, ఈ అలవాటునకును అంగిలి వ్యాధులకును గల సంబంధమును 1971లో ప్రకటించిరి. నోటికి, నాలుకకు, గొంతుకు వచ్చు కేన్సరు ముదిరినప్పుడు మాటను కూడ హరించును. నొప్పి పెరిగిన కొలది దానిని చెప్పుకొను సాధనము తరిగిపోవును. ఇట్టివారి బాధను ఎట్లు తెలిసికొనవలెను, ఎట్లు తీర్పవలెను అను విద్యకు పునాది యెక్కడ పడినదో తెలియవలెనన్నచో లండను నగరమునకు పోవలసియుండును.

సిసిలీ 1918 జూన్ 22వ తేదీన, లండనునకు ఉత్తరపు అంచున గల బార్నెట్‌లో, కలవారి యింట జన్మించెను. కలిమికి లోటు లేకున్నను ఆ యింట శాంతి లేదు. తలిదండ్రులకు పొత్తు కుదరలేదు. ఆమె చాల పొడగరి, బిడియస్థురాలు. చదువుకొన్న బడిలో నలుగురితో కలియలేక ఒంటరిగా మెలగెను. తనను పట్టించుకొనువారు లేకుండుట యన నేమో ఆమెకు చిన్ననాడే తెలిసినది. 1938లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చేరి తత్త్వ, రాజనీతి, అర్థశాస్త్రములను అభ్యసింపసాగెను. మరుసటి యేడు యుద్ధము వచ్చినది. పుస్తకముల నడుమ కూర్చుండుటకు ఆమె మనసొప్పక, 1940లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఫ్లారెన్సు నైటింగేలు నెలకొల్పిన పాఠశాలలో నర్సు శిక్షణకు చేరెను. ఆ పని ఆమె హృదయమునకు సరిపడినది గాని వెన్నునకు సరిపడలేదు. శిక్షణ ముగియగనే వెన్నునొప్పి కారణముగా ఆ వృత్తిని విడువవలసివచ్చెను. పిమ్మట ఆగిన చదువును ముగించి, ఆస్పత్రులలో రోగుల యొక్కయు, వారి కుటుంబముల యొక్కయు కష్టసుఖములు విచారించు ఉద్యోగమున ప్రవేశించెను.

ఆ ఉద్యోగముననే 1947లో ఆమెకు డేవిడ్ తస్మా పరిచితుడయ్యెను. అతడు పోలండు నుండి వచ్చిన యూదుడు. హోటలులో వడ్డన చేసి బ్రతుకువాడు. నలువదేండ్ల వయసున, శస్త్రచికిత్సకు లొంగని కేన్సరుతో మంచము పట్టెను. పరదేశము, పరభాష, తనవారనువారు లేరు. తాను ఏమియు సాధింపక, ఎవరికిని జ్ఞాపకము లేక పోవుచున్నానను వెత అతనిని వ్యాధి కంటె మిక్కిలిగా కుదిపినది. సిసిలీ దినదినమును అతని మంచము చెంత కూర్చుండి వినెను. నొప్పి తగ్గుటయే గాక, వినువాడొకడు కావలెనని ఆమెకు అచట బోధపడినది. మరణించుచున్నవారి కొరకు ప్రత్యేకముగా ఒక ఇల్లు ఉండదగునని వారిరువురును ముచ్చటించుకొనెడివారు. 1948 ఫిబ్రవరిలో తస్మా మరణించెను. తనకు గల 500 పౌనులను ఆమె పేర వ్రాసి, కట్టబోవు ఆ ఇంటిలో తానొక కిటికీనై యుందునని చెప్పిపోయెను. ఇల్లు లేదు, స్థలము లేదు. కిటికీ మాత్రము ముందుగా అమరినది.

అదే సంవత్సరమున ఆమె సాయంకాలములందు సెయింట్ లూక్స్ అను ఆస్పత్రికి పోయి ఉచితముగా సేవ చేయసాగెను. అవసానదశలోని బీదల కొరకు వెలసిన ఆస్పత్రి యది. అచట ఆమె ఒక వింతను గాంచెను. ఆ కాలపు పెద్ద ఆస్పత్రులలో మార్ఫీనును రోగి భరింపలేక అడిగినప్పుడే యిచ్చెడివారు. మందునకు బానిస యగునని వైద్యులకు భయము. కావున రోగి గడియారము వైపు చూచుచు, మూలుగుచు, చివరకు ప్రాధేయపడవలసియుండెను. మందు పనిచేయునప్పటికి నొప్పి పతాకస్థాయి నందుకొనెడిది. అది తగ్గగనే మరల నిరీక్షణ. సెయింట్ లూక్స్‌లోనన్ననో 4 గంటల కొకసారి, అడిగినను అడుగకున్నను, మందును నోటిద్వారా ఇచ్చుచుండిరి. మొదటి మోతాదు బలము తీరకముందే రెండవది అందెడిది. అందుచే రోగులు మగతలో పడక, మెలకువతో మాటలాడుచు, తమవారితో కాలము గడుపగలిగిరి.

చిన్న మార్పుగా తోచు ఈ పద్ధతిలో పెద్ద ధర్మ మిమిడియున్నది. అడిగినపుడే ఇచ్చు పద్ధతిలో నోరున్నవానికి ఆలస్యముగా నైనను ఉపశమన మందును. నోరులేనివానికి ఎన్నడును అందదు. వేళకు ఇచ్చు పద్ధతిలో యాచనతో పని లేదు. సిసిలీ సాండర్స్ జీవితమంతయు ఈ ఒక్క సూత్రమును లోకమునకు నేర్పుటకే వినియోగమైనది.

కాని నర్సు మాటను, ఉద్యోగిని మాటను వైద్యలోకము చెవినిడునా? ఆమెతో పనిచేసిన శస్త్రవైద్యుడు నార్మన్ బారెట్, మరణించువారిని విడిచి తొలగిపోవువారు వైద్యులే గనుక, వారిని మార్పవలెనన్న వైద్యవిద్య నేర్చుట మేలని ఆమెకు హితవు చెప్పెను. 1951లో, 33వ యేట, ఆమె తనకంటె ఎంతయో చిన్నవారితో బల్లలపై కూర్చుండి మరల విద్యార్థిని యయ్యెను. 1957లో వైద్యపట్టము నందెను. 1958 నుండి 1965 వరకు తూర్పు లండనులోని సెయింట్ జోసెఫ్ హాస్పిస్‌లో ఐర్లండు సన్యాసినుల నడుమ పనిచేసెను. ఆ సన్యాసినులకు దయ కలదు. మందుల లెక్క లేదు. ఆమె వారి దయకు లెక్కను జతపరచెను. ఏ రోగికి ఎంత మందు, ఏ వేళ ఇచ్చిరో, ఫలితమేమో వ్రాసియుంచెను. రోగుల మాటలను ధ్వనిముద్రణ యంత్రమున పట్టియుంచెను. ఇట్లు వేయిమందికి పైగా రోగుల వృత్తాంతములు పోగైనవి. క్రమముగా ఇచ్చిన మార్ఫీను రోగిని మత్తునకు దాసుని చేయదనియు, మోతాదు అంతులేక పెరిగిపోదనియు వానివలన తేలినది.

ఆమె గ్రహించిన మరియొక సత్యము కలదు. నొప్పి శరీరమునకు మాత్రమే సంబంధించినది కాదు. బిడ్డల భవితవ్యమును గూర్చిన చింత, ఇల్లు గడచుట యెట్లను బెంగ, ఒంటరితనము, జీవితమున కర్థమేమను సందేహము—ఇవన్నియు శరీరబాధతో పెనవేసికొనును. దీనికి ఆమె 1960వ దశకమున సంపూర్ణవేదన యని పేరు పెట్టినది.

హాస్పిస్ అనునది యూరపులో పూర్వము యాత్రికులు బస చేయు సత్రమునకు పేరు. కాశీయాత్రకు పోవువారికి దారిలో సత్రములు కట్టించిన మన దాతల సంప్రదాయ మెరిగినవారికి ఆ పేరులోని ఔచిత్యము వివరింప నక్కరలేదు. చందాలు కూడబెట్టి, ఎనిమిదేండ్లు శ్రమించి, సిసిలీ 1967లో దక్షిణ లండనులోని సిడెన్‌హామ్‌లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్‌ను తెరచెను. క్రిస్టఫరు ప్రయాణీకులను కాచు పుణ్యపురుషుడని క్రైస్తవుల నమ్మకము. ద్వారము చెంతనే తస్మా కిటికీ అమరినది. చికిత్స, బోధన, పరిశోధన మూడును ఒకే కప్పు క్రింద జరుగుట ఆ సంస్థ విశేషము. 1969 నుండి అచటి నర్సులు రోగుల ఇండ్లకు కూడ పోసాగిరి. 1971లో అచట చేరిన రాబర్ట్ ట్వైక్రాస్ అను వైద్యుడు, నోటిద్వారా ఇచ్చినపుడు మార్ఫీను, హెరాయిను గుణమున సమానములేయని నిరూపించెను. హెరాయినును నిషేధించిన దేశములకు ఇది మేలువార్త. నోటిద్వారా, వేళ ప్రకారము, మెట్టు మెట్టుగా నొప్పిమందు లియ్యవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986లో ప్రకటించిన విధానమున ఈ కృషి ఫలితము కానవచ్చును.

అయినను ఆమె పద్ధతిలో ఒక వెలితి యుండెను. ఆమె విద్యకు మూలము వినుట. వినవలెనన్న రోగి పలుకవలెను. పక్షవాతమున మాట పోయినవాడు, మతిమరపు వ్యాధిలో పదములు మరచిన వృద్ధుడు, తెలివి సగము తప్పినవాడు—వీరి మాట యేమి? వేళకు ఇచ్చు మందు వీరికిని అందును. కాని అది చాలునా, చాలదా యని చెప్పువా రెవరు? చెప్పనిచో లేదనుకొనుట మనుష్యస్వభావము. నెలలు నిండని శిశువులకు నొప్పి యంతగా తెలియదను భ్రమతో మత్తుమందు చాలినంత ఇయ్యకయే శస్త్రచికిత్సలు చేసిన రోజులు కలవు. 1987లో, ఇంగ్లండున పరిశోధన చేసిన భారతీయ వైద్యుడు ఆనంద్, ఆ శిశువుల శరీరము బాధకు తీవ్రముగా చలించుననియు, తగిన మందు ఇచ్చినచో కోలుకొనుట మెరుగగుననియు చూపెను. నోరు పలుకనంత మాత్రమున నొప్పి లేదనరాదని అంతర్జాతీయ వేదనాధ్యయన సంఘము తన నిర్వచనమున 2020లో స్పష్టపరచినది.

ఇక చెవి చేయలేని పనిని కన్ను చేయవలెను. మతి తప్పిన వృద్ధుల కొరకు 2003లో అమెరికాలో వెలువడిన ఒక కొలమానము అయిదు విషయములను చూడుమనును. ఊపిరి ఎగసిపడుచున్నదా? మూలుగు, ఏడుపు కలవా? నొసలు ముడివడినదా, పెదవులు బిగిసినవా? పిడికిళ్ళు ముడిచి, మోకాళ్ళు దగ్గరకు తీసికొనుచున్నాడా? చేయి నిమిరి పలుకరించినచో ఊరట చెందుచున్నాడా? ఒక్కొక్కదానికి 0 నుండి 2 వరకు వేసి, మొత్తము 10కి లెక్క కట్టుదురు. కదలక పండుకొన్నపుడు మాత్రమే చూచిన చాలదు. ప్రక్కకు తిప్పునప్పుడు, తుడుచునప్పుడు కూడ చూడవలెను. ఆకలి, దాహము, భయము, మూత్రబంధము సైతము ఇట్టి లక్షణములనే చూపును గనుక ముందు వానిని విచారింపవలెను. కొందరు బాధకు తాళలేక నిశ్చలముగా పడియుందురు. ఆ నిశ్చలత శాంతి కాదు. రోగి అలవాట్లెరిగిన కూతురో కోడలో చెప్పు మాటకు విలువ యెక్కువ. కనురెప్పతోనో వ్రేలితోనో అవునని, కాదని తెలుపగలవాడైనచో ముందు అతనినే అడుగవలెను. సందేహము తీరనపుడు కొలది మోతాదు మందిచ్చి, ముఖము తేరినదేమో మరల చూడవలెను. ఆ పదిలోని అంకె బాధకు తూకము కాదు; రోగి వైపు మరల చూడుమను పిలుపు మాత్రమే.

మన దేశకథలో ఒక విచిత్రము కలదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వానుమతితో నల్లమందు పండును. అది విదేశముల మందులకు ముడిసరకైనది. కాని 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు చిక్కులవలన మన రోగులకు మార్ఫీను అపురూపమైనది. ఒక్క మందునకు పలు అనుమతి పత్రములు కావలసివచ్చెను. 2014 సవరణతో ఆ బంధములు సడలినవి. 1986లో బొంబాయిలో శాంతి అవేదనా సదనము, 1993లో కోళిక్కోడున నొప్పి నివారణ సంఘము వెలసినవి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సరు సంస్థలోను ఈ సేవావిభాగ మేర్పడినది.

సిసిలీ 1980లో పోలండు చిత్రకారుడు మరియన్ బోహుష్ షిష్కోను వివాహమాడెను. అప్పటి కామెకు అరువది దాటినవి. బ్రిటిషు ప్రభుత్వపు ఉన్నత బిరుదములు లభించినవి. చివర కామెకును కేన్సరు సోకినది. 2005 జూలై 14వ తేదీన, తాను కట్టిన సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్‌లోనే, తాను నేర్పిన పద్ధతిని నేర్చినవారి చేతులలో, ఆమె కన్ను మూసెను.

తరగతిలో చేయి ఎత్తని పిల్లవానికి సందేహము లేదనుకొనరాదని ఉపాధ్యాయు లెరుగుదురు. మూలుగని రోగికి బాధ లేదనుకొనరాదని సిసిలీ సాండర్స్ వైద్యులకు నేర్పినది. మాట పోయిన ముదుసలిని ప్రక్కకు తిప్పునపుడు ఆమె నొసటి ముడుతను గమనించి, వేళ కాకున్నను వైద్యుని పిలుచు నర్సు ఏ యూర నున్నను, ఆ చేతిలో ఈ విద్య బ్రదికియున్నట్లే. అడుగనిదే పెట్టని లోకమున, అడుగలేనివారికి పెట్టుటయే అమ్మతనము.